ఊళ్లు వేరు, పని ఒకటి

మీ టీమ్ ఎలా నడుస్తోందో తెలుసుకోవాలంటే ఒక చిన్న పని చేయండి. ఈ మధ్య జరిగిన ఏదో ఒక నిర్ణయాన్ని తీసుకుని, ఆ సంగతి అందరికంటే ఆఖరున ఎవరికి తెలిసిందో కనుక్కోండి. ఎప్పుడు చూసినా ఆ ఆఖరు మనిషి ఒక్కరే అవుతుంటే, ఆ మనిషి హైదరాబాద్ ఆఫీసులో కాక సింగరాయకొండలో సొంతింట్లో కూర్చుని పనిచేస్తుంటే, లోపం టీమ్ పద్ధతిలో ఉందని అర్థం.

2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ పడినప్పుడు హైదరాబాద్, బెంగళూరు హాస్టళ్లు ఖాళీ చేసి ప్రకాశం, గుంటూరు జిల్లాల ఊళ్లకు చేరినవాళ్లలో చాలామంది ఆ తర్వాత వెనక్కి వెళ్లారు. కొందరు ఉండిపోయారు. నెలలో సగం అక్కడ, సగం ఇక్కడ గడిపేవాళ్లూ ఉన్నారు. సింగరాయకొండ అందుకు వీలైన ఊరే. చెన్నై–విజయవాడ రైలు మార్గం మీద స్టేషన్ ఉంది, 16వ నంబరు జాతీయ రహదారి ఊరిని ఆనుకునే పోతుంది. అమ్మానాన్నలకు దగ్గరగా ఉండొచ్చు, నగరంలో కట్టే అద్దె మిగులుతుంది. ఈ అధ్యాయం అలా ఉండిపోయినవాళ్ల కోసం. వాళ్లతో కలిసి పనిచేసే ఆఫీసువాళ్ల కోసం కూడా, ఎందుకంటే ఇక్కడ చెప్పే మార్పుల్లో ఎక్కువ భాగం వాళ్లు చేయాల్సినవే. ఇన్వర్టర్, రెండో నెట్ కనెక్షన్, నడుం నొప్పి రాని కుర్చీ గురించి నేను పెద్దగా చెప్పబోవడం లేదు. అవి డబ్బు పెడితే తీరే ఇబ్బందులు.

గదిలో నలుగురు, తెర మీద ఒకరు

దూరంగా ఉన్నవాళ్లకు అన్నిటికంటే కష్టమైన ఏర్పాటు ఇదే. గచ్చిబౌలిలో ఒక మీటింగ్ గది, బల్ల చుట్టూ నలుగురు, గోడ మీది తెరలో సింగరాయకొండ నుంచి ఒకరు. గదిలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే తెర మీద మనిషికి ఏదీ వినబడదు. బోర్డు మీద గీసిన బొమ్మ కనబడదు. "సరే, ఉంటాం" అని కాల్ పెట్టేశాక నలుగురూ టీకి వెళ్తారు. అక్కడ మాటల్లో మాటగా, "ఆ సర్వీస్ ఈసారికి వదిలేద్దాంలే" అని ఇద్దరు అనుకుంటారు. వాళ్ల దృష్టిలో అదేమీ దాపరికం కాదు, మామూలు కబురు. సింగరాయకొండలో మనిషి మాత్రం ఆ సర్వీస్ మీద మర్నాడంతా పనిచేస్తాడు.

దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే. ఒక్కరు దూరంగా ఉన్నా అందరూ దూరంగా ఉన్నట్టే పనిచేయాలి. మీటింగ్‌లో ఎవరి లాప్‌టాప్ ముందు వాళ్లు, ఎవరి ఇయర్‌ఫోన్లు వాళ్లు. బోర్డు బదులు అందరూ తెరిచి చూడగలిగే ఫైలు. టీ దగ్గర ఏదైనా అనుకుంటే, దాన్ని టీమ్ ఛానెల్‌లో రెండు వాక్యాలు రాసేదాకా అది నిర్ణయం కింద లెక్కలోకి రాదు. ఆఫీసులో ఉన్నవాళ్లకు ఇది మొదట్లో చికాకుగానే ఉంటుంది. పక్క సీట్లో ఉన్న మనిషికి మెసేజ్ పెట్టడమేమిటి అంటారు. ఆ చికాకు న్యాయమైనదే. కానీ దాన్ని టీమ్‌లో అందరూ పంచుకోకపోతే, భారమంతా దూరంగా ఉన్న ఒక్కరి మీద పడుతుంది.

తెలుగు ఐటీ చరిత్రలోనే దీనికి ఒక మంచి ఉదాహరణ ఉంది. ట్రాక్టర్ల కంపెనీ జాన్ డీర్ 1991లో సత్యం కంప్యూటర్స్‌కు తొలి పెద్ద అమెరికన్ కస్టమర్ అయింది. సముద్రాలకు ఇవతల కూర్చుని సాఫ్ట్‌వేర్ రాసి పంపగలరా అన్న అనుమానం అప్పట్లో అందరిలోనూ ఉండేది. దాన్ని తీర్చడానికి సత్యం ఇంజనీర్లు డీర్ ఉన్న ఊళ్లోనే వేరే చోట మకాం పెట్టి, డీర్ ఉద్యోగులకు ఎదురుపడకుండా, ఇండియాలో ఉన్నట్టే పనిచేసి చూపించారని ఆ తొలినాళ్ల సంగతులు తెలిసినవాళ్లు చెప్పుకుంటారు. నడిచి వెళ్లి అడిగేంత దగ్గర్లో ఉండి కూడా వెళ్లకూడదన్న షరతు పెట్టుకున్నారంటే, ప్రతి సందేహాన్నీ అవతలివాళ్లకు అర్థమయ్యేలా రాసే తీరాలి. ఇప్పుడు మన ఆఫీసు టీమ్‌లకు కావలసిందీ ఆ షరతే.

దూరం సమయాన్ని ఎక్కడ కాజేస్తుంది

జేమ్స్ హెర్బ్‌స్లెబ్, ఆడ్రిస్ మోకస్ అనే పరిశోధకులు లూసెంట్ కంపెనీ టీమ్‌ల పనిని పరిశీలించి 2003లో ఒక పత్రం ప్రచురించారు. ఒకేచోట ఉన్నవాళ్లు చేసే పనితో పోలిస్తే, అదే రకం పని రెండు మూడు చోట్లకు చీలినప్పుడు దాదాపు రెండున్నర రెట్ల సమయం తీసుకుందని వాళ్లు తేల్చారు. దూరంగా ఉన్నవాళ్లు నెమ్మదిగా పనిచేశారని దీనికి అర్థం చెప్పుకోకండి. పని వేర్వేరు చోట్లకు చీలినప్పుడు అందులో చేయి పెట్టాల్సిన మనుషుల సంఖ్య పెరుగుతోంది. ఆలస్యానికి ఆ సంఖ్యతో దగ్గరి సంబంధం కనబడింది. 1975లో ఫ్రెడ్ బ్రూక్స్ చెప్పిన లెక్క ఇక్కడ పనికొస్తుంది: ఐదుగురి మధ్య మాటలు నడవాల్సిన జతలు 10, పదిమందైతే 45.

కాబట్టి పని పంచుకునేటప్పుడే జాగ్రత్తపడాలి. ఒక స్క్రీన్‌లో సగం సింగరాయకొండకు, సగం అమెరికాలోని డాలస్‌కు ఇవ్వకండి. ఒక ఫీచర్ మొత్తం ఒకచోటికి ఇచ్చి, ఇద్దరి పనులూ కలిసే అంచు ఏమిటో కాగితం మీద తేల్చుకోండి. ఏ పేరుతో, ఏ కొలతలో, ఏ రూపంలో డేటా వస్తుందో అందులో ఉండాలి.

ఆ అంచు దగ్గర ఏమరుపాటు ఎంత దూరం తీసుకెళ్తుందో మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ కథ చెబుతుంది. 1998 డిసెంబరులో నాసా పంపిన ఆ వ్యోమనౌక 1999 సెప్టెంబర్ 23న అంగారకుడి దగ్గరికి చేరి మాయమైపోయింది. నౌకను తయారుచేసిన లాక్‌హీడ్ మార్టిన్ టీమ్ డెన్వర్‌లో ఉంది, దారి చూపించే జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ టీమ్ కాలిఫోర్నియాలో ఉంది. డెన్వర్ సాఫ్ట్‌వేర్ థ్రస్టర్ల లెక్కలను పౌండ్ల కొలతలో ఇచ్చింది. ఇవతలివాళ్లు వాటిని న్యూటన్లనుకుని వాడుకున్నారు. రెంటికీ తేడా దాదాపు నాలుగున్నర రెట్లు. కొలత న్యూటన్లలో ఉండాలని ఒప్పంద పత్రంలో రాసే ఉంది.

ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది కొలతల దగ్గరే ఆగిపోతారు. నన్ను పట్టి ఆపేది దాని తర్వాత ఉన్న సంగతి. దారి లెక్కల్లో ఏదో పొసగడం లేదని ప్రయాణం మధ్యలోనే కొందరికి అనుమానం వచ్చింది. వాళ్లు దాన్ని మామూలు ఈమెయిళ్లలో అన్నారే గానీ, సమస్యగా నమోదుచేసే అధికారిక పద్ధతిలోకి ఎక్కించలేదు. అనుమానం ఉంది, మాట కూడా బయటికి వచ్చింది, కానీ ఎవరైనా తేల్చి తీరాల్సిన చోట అది నమోదు కాలేదు. మీ టీమ్‌లో ఎవరో ఛానెల్‌లో "ఇది కొంచెం తేడాగా ఉంది" అని రాస్తే, దానికి నలుగురు బొటనవేలు గుర్తు పెడితే, ఆ మాట అక్కడితో పోయినట్టే. దాన్ని టికెట్‌గా మార్చి, ఒకరి పేరు పెట్టి, తేదీ వేయండి.

పని అప్పగించే వేళ

సింగరాయకొండలో రాత్రి ఎనిమిదైతే డాలస్‌లో వేసవిలో ఉదయం తొమ్మిదిన్నర. అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పుతారు కాబట్టి, అక్కడి తొమ్మిదిన్నర మీటింగ్ మనకు రాత్రి తొమ్మిదికి జరుగుతుంది. మార్చి రెండో ఆదివారం దాకా అంతే. ఇంట్లో అందరూ భోజనానికి కూర్చునే వేళ అది. ఏడాది పొడుగునా ఒకవైపువాళ్లే రాత్రిళ్లు ఇవ్వడం సబబు కాదు. ఒక నెల వాళ్లు ఉదయం ఏడుకు లేచి కాల్‌లోకి వస్తే చలికాలంలో మనకు సాయంత్రం ఆరున్నర అవుతుంది. ఆ మాట అడగడానికి మొహమాటపడకండి.

రోజూ కలిసి ఉండే సమయం అంత తక్కువ గనుక, పని అప్పగించే నోట్ చాలా ముఖ్యం. సింగరాయకొండ, టంగుటూరు చుట్టుపక్కల పొగాకు బ్యారన్ల దగ్గర పెరిగినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. బ్యారన్‌లో ఆకు ఎక్కించాక రాత్రింబగళ్లు వేడి కనిపెట్టి చూడాలి. మొదట ఆకు పసుపు తిరగాలి, తర్వాత ఆకు ఎండాలి, ఆఖరున ఈనె ఎండాలి, ఒక్కో దశకు ఒక్కో వేడి. కాపలా మారేటప్పుడు థర్మామీటర్ ఎంత చూపిస్తోంది, వేడి ఆఖరుసారి ఎప్పుడు పెంచారు, ఇంకెంతసేపు ఇలాగే ఉంచాలి అన్నవి చెప్పకుండా పోతే, వచ్చినవాడు తొందరపడి వేడి పెంచేస్తాడు. ఆకు రంగు చెడుతుంది.

మనం సాధారణంగా రాసే నోట్ ఇలా ఉంటుంది: "లాగిన్ బగ్ మీద పనిచేస్తున్నాను. దాదాపు అయిపోవచ్చింది." దీంతో డాలస్‌లో మనిషి ఏమీ చేయలేడు. దీన్నే ఇలా రాయొచ్చు:

"లాగిన్ బగ్ పాత ఫోన్లలో మాత్రమే వస్తోంది. కారణం దొరికింది: టోకెన్ గడువు తీరాక యాప్ కొత్తది అడగడం లేదు. సరిచేసిన కోడ్ నా బ్రాంచ్‌లో ఉంది, మెయిన్‌లో ఇంకా కలపలేదు. రెండు టెస్టులు ఫెయిలవుతున్నాయి, వాటిని నేను ముట్టుకోలేదు. మీరు తేల్చాల్సింది ఒక్కటే: గడువు పావుగంట ఉంచాలా, గంటకు పెంచాలా? మీ నుంచి జవాబు రాకపోతే రేపు ఉదయం పావుగంటతోనే కలిపేస్తాను."

ఆఖరి వాక్యాన్ని మరోసారి చూడండి. అది అవతలివాళ్ల జవాబు కోసం ఒక రోజంతా ఆగిపోకుండా కాపాడుతుంది. అవతలివాళ్లకు అడ్డుచెప్పే అవకాశమూ మిగులుతుంది. ఇలాంటి నోట్ రాయడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలూ మీ పని గంటల్లో భాగం, పని అయ్యాక చేసే అదనపు సేవ అనుకోకండి.

"అయిపోవచ్చింది", "చూస్తాను సార్", "ఈరోజు చేసేస్తా మేడమ్" అనే మాటల గురించి కూడా చెప్పాలి. మన ఊళ్లలో పెద్దవాళ్లకు కాదని చెప్పడం మర్యాద కాదు. ఆ అలవాటు ఆఫీసు కాల్‌లోకీ వస్తుంది. ఎదురుగా ఉంటే మొహం చూసి అసలు సంగతి పసిగట్టేవాళ్లు కొందరైనా ఉంటారు. కెమెరా ఆపేసిన కాల్‌లో ఆ వీలు లేదు. అందుకని టీమ్ లీడ్లు "అయిపోతుందా?" అని అడగడం మానేసి, "ఎక్కడ ఆగింది? రేపటికి కాకపోతే ఏమవుతుంది?" అని అడగాలి. మొదటి ప్రశ్నకు జూనియర్ నోట అవునే వస్తుంది.

ఇంకొకటి. కాల్‌లో తమిళ మనిషో, పుణె మనిషో ఉండగా మనలో మనం తెలుగులోకి జారిపోతుంటాం. అందులో దురుద్దేశం ఉండదు, తేలిగ్గా ఉంటుందంతే. కానీ గచ్చిబౌలి టీ దగ్గర మాటలు సింగరాయకొండ మనిషికి ఎలా అందవో, ఈ మాటలు ఆ పుణె మనిషికి అలాగే అందవు. తెలుగులో తేలిందాన్ని అక్కడికక్కడే అందరికీ అర్థమయ్యే భాషలో రాసేయండి.

వెనక్కి తిరిగి చూసుకోవడం

చాలా టీమ్‌లు రెండు వారాలకోసారి రెట్రో పేరుతో ఒక గంట కూర్చుంటాయి. ఏది బాగా జరిగింది, ఏది జరగలేదు, ఏం మార్చుకుందాం అని మూడు గళ్లు గీస్తారు. మొదటి గడిలో "టీమ్‌వర్క్ బాగుంది" అని, రెండో గడిలో "మీటింగులు ఎక్కువయ్యాయి" అని పడుతుంది. అరగంటలో అయిపోతుంది, ఏదీ మారదు. ఈ ఒక్క గంటను సరిగ్గా వాడుకోగలిగితే పైన చెప్పినవన్నీ నెమ్మదిగా చక్కబడతాయని నా గట్టి నమ్మకం. అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతున్నాను.

ముందుగా గిట్‌ల్యాబ్ సంగతి. వేర్వేరు దేశాల్లో ఎవరి ఇళ్లలో వాళ్లుండి నడిపే కంపెనీ అది. 2017 జనవరి 31 రాత్రి ఒక ఇంజనీర్ రెండో డేటాబేస్ సర్వర్‌లో ఫోల్డర్ చెరిపేస్తున్నాననుకుని అసలు సర్వర్‌లో చెరిపేశాడు. ఒకటి రెండు క్షణాల్లో గుర్తించి ఆపేసరికి దాదాపు 300 జీబీ పోయింది. బ్యాకప్‌ల కోసం చూస్తే రోజూ జరగాల్సినవి ఎన్నాళ్లుగానో జరగడమే లేదు. అవి విఫలమవుతున్నాయని చెప్పే మెయిళ్లు వెళ్తూనే ఉన్నాయి గానీ, అవతలి సర్వర్ వాటిని తిప్పికొట్టడంతో ఎవరికీ చేరలేదు. ఆ రోజే వేరే పని కోసం చేతితో తీసిపెట్టిన ఒక నకలు ఉండబట్టి, ఆరు గంటల డేటా నష్టంతో బయటపడ్డారు.

ఆ తర్వాత వాళ్లు చేసిన పని నాకు చాలా నచ్చింది. రికవరీని యూట్యూబ్‌లో అందరూ చూస్తుండగా చేశారు. ఏం జరిగిందో బహిరంగంగా రాశారు. ఆ నివేదికలో ఆ ఇంజనీర్ పేరు లేదు, "టీమ్ మెంబర్ 1" అని మాత్రమే ఉంది. పేరు పక్కన పెట్టగానే, ఎవరు చెరిపారన్న చోటి నుంచి బ్యాకప్ ఆగిపోతే మనకెందుకు తెలియలేదన్న చోటికి ప్రశ్న జరిగింది. నార్మన్ కెర్త్ 2001లో ప్రాజెక్టు సమీక్షల మీద రాసిన పుస్తకంలో మొదటి షరతు కూడా ఇదే: అప్పటికి తెలిసినంతలో, చేతిలో ఉన్నదాంతో ప్రతి ఒక్కరూ తాము చేయగలిగింది చేశారని నమ్మి కూర్చోవాలి.

ఇక మీ రెట్రో. కూర్చోవడానికి రెండు రోజుల ముందే ఒక ఫైలు తెరిచి అందరికీ పంపండి. అందులో మొదట అభిప్రాయాలు వద్దు, జరిగింది జరిగినట్టు తేదీలవారీగా రాయండి. సోమవారం ఫలానా మార్పు చేశాం, బుధవారం టెస్టర్‌కు తెలిసింది, గురువారం వెనక్కి తీసుకున్నాం, ఇలా. అందరూ తమకు తెలిసిన తేదీలు చేర్చాక, సగం గొడవలు అక్కడే తేలిపోతాయి. ఒకే సంఘటన ఇద్దరికి వేర్వేరు రోజుల్లో తెలిసిందని కళ్ల ముందు కనబడుతుంది.

దాని కింద మూడు గళ్ల బదులు ఈ ప్రశ్నలు పెట్టి చూడండి. ఈ రెండు వారాల్లో మీకు ఆలస్యంగా తెలిసిన విషయం ఏది? ఎవరి జవాబు కోసం ఎక్కువసేపు ఆగారు? ఎవరిని ఏం అడగడానికి మొహమాటపడ్డారు? మూడో ప్రశ్నకు మొదటి ఒకటి రెండుసార్లు ఎవరూ ఏమీ రాయరు. వదలకండి. టీమ్ లీడ్ తన జవాబు ముందు రాస్తే మిగతావాళ్లకు ధైర్యం వస్తుంది.

మీటింగ్ మొదలయ్యాక మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా ఫైలు చదవాలి. తర్వాత దూరంగా ఉన్నవాళ్లు ముందు మాట్లాడాలి, వాళ్లలో జూనియర్లు ఇంకా ముందు. మేనేజర్ ఆఖరున మాట్లాడాలి. ఆయన ముందు తన మాట చెబితే "సార్ చెప్పింది కరెక్ట్" అనడం తప్ప ఎవరికీ పని ఉండదు. అక్కడ అన్న మాటలు అప్రైజల్‌లో కనబడకూడదు. ఒక్కసారి కనబడిందంటే ఆ టీమ్‌లో ఎవరూ మళ్లీ నోరు తెరవరు, వాళ్లను తప్పుపట్టలేం.

చివర్లో పది మార్పులు రాసుకోకండి. ఒకటి, మహా అయితే రెండు. ప్రతిదానికీ ఒక పేరు, ఒక తేదీ. వచ్చే రెట్రో మొదలుపెట్టేది ఆ రెండూ జరిగాయా అన్న ప్రశ్నతోనే.

తీసుకున్న నిర్ణయం ఒక్కటే రాసి ఊరుకోకుండా, ఎందుకు తీసుకున్నారో, ఎవరు ఏ అభ్యంతరం చెప్పారో కూడా రాసి ఉంచండి. తెలుగు వికీపీడియా ఈ పద్ధతిలోనే నడుస్తోంది. వెన్న నాగార్జున అమెరికా నుంచి 2003 డిసెంబరులో మొదలుపెట్టిన ఆ పనిలో హైదరాబాద్‌లో, పల్లెల్లో, విదేశాల్లో ఉన్నవాళ్లు ఒక ఆఫీసంటూ లేకుండా చేయి కలిపారు. వాళ్ల నిర్ణయాలు రచ్చబండ అనే పేజీలోనూ, ఒక్కో వ్యాసం చర్చ పేజీలోనూ జరుగుతాయి. ఏళ్ల కిందట ఎవరు ఏ కారణంతో కాదన్నారో పేరుతో, తేదీతో ఇప్పటికీ చదువుకోవచ్చు. నిన్న చేరిన మనిషికి కూడా పాత వాదన తెలుస్తుంది. మీ టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకు "ఇది ఇలా ఎందుకుంది?" అన్న ప్రశ్నకు జవాబు దొరకాలంటే ఎవరో ఒక సీనియర్ ఫోన్ ఎత్తాల్సిన పరిస్థితి ఉంటే, ఆ సీనియర్ మానేసిన రోజున ఆ జవాబు కూడా పోతుంది.

ఊళ్లో ఉన్నవాళ్లకు

"ఇంట్లోనే ఉన్నావుగా" అనే మాటతో మీకు రోజూ పని పడుతుంది. గ్యాస్ సిలిండర్ వస్తే మీరే తీసుకోవాలి, ఎవరినో స్టేషన్‌లో దింపి రావాలి. కోపం తెచ్చుకోకండి. వాళ్లకు కనబడేది లాప్‌టాప్ ముందు కూర్చున్న మనిషి మాత్రమే. రోజులో ఏ రెండు గంటలు మిమ్మల్ని కదిలించకూడదో చెప్పండి, మిగతా వేళల్లో వాళ్లకు అందుబాటులో ఉండండి. టీమ్‌కూ అదే చెప్పండి. రోజంతా పచ్చచుక్క వెలిగించుకుని కూర్చోవడం కంటే, ఏ వేళకు కచ్చితంగా దొరుకుతారో చెప్పి ఆ మాట నిలబెట్టుకుంటే నమ్మకం పెరుగుతుంది.

తీరం పక్కనున్నాం కాబట్టి తుపాను సంగతి ముందే మాట్లాడుకోవాలి. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి వాటికి రెండు మూడు రోజుల ముందే హెచ్చరికలు వస్తాయి. హెచ్చరిక వచ్చిన రోజునే మీ చేతిలో ఉన్న ప్రతి పనికీ పైన చూపిన పద్ధతిలో నోట్ రాసి, కోడ్ సర్వర్‌కు ఎక్కించి, మీ బదులు ఎవరు చూస్తారో టీమ్‌తో తేల్చుకోండి. రెండు రోజులు ఫోన్ కలవకపోయినా పని ఆగదు. మీరు ఇంట్లోవాళ్లను చూసుకోవచ్చు. ఇదే నోట్ ఇంట్లో పెళ్లికీ, జ్వరానికీ పనికొస్తుంది.

ఇంత రాతకోతలున్నా ఏడాదికి ఒకటి రెండుసార్లు అందరూ ఒకచోట కలవాలి. ఒకసారి కలిసి భోంచేసిన మనిషి రాసిన పొడి మెసేజ్‌ను మనం కోపంగా చదువుకోం. ఆ రోజుల్ని స్లయిడ్లు చూపించడానికి ఖర్చుచేయకండి. రెట్రో ఫైల్లో ఎన్నిసార్లు రాసినా తేలని విషయాలు ఒకటి రెండు ఎప్పుడూ ఉంటాయి, వాటిని తీసుకుని తీరిగ్గా కూర్చోండి. ప్రతిసారీ సింగరాయకొండ మనిషే బ్యాగు సర్దుకుని హైదరాబాద్ వెళ్లాలన్న నియమం కూడా వద్దు. ఒకసారి టీమ్‌నే ఇటు రమ్మనండి. పాకల బీచ్ దగ్గర్లోనే ఉంది, బస ఒంగోలులో దొరుకుతుంది. మీరు ఏ నెట్ మీద, ఏ గదిలో, ఎలాంటి ఎండలో పనిచేస్తున్నారో వాళ్లు కళ్లారా చూస్తారు. ఆ ప్రయాణం ఖర్చును వచ్చే ఏడాది టీమ్ బడ్జెట్‌లో ఇప్పుడే అడిగి రాయించుకోండి. మార్చి దాటాక అడిగితే వచ్చే ఏడాది చూద్దామంటారు.